'అన్న' అన్న మాట

జహీరాబాద్‌లో ఉద్యోగానికి దిగిన మొదటి రోజే, పొద్దుగూకేలోపు, నాకు బోలెడంత మంది అన్నలు తయారయ్యారు. బస్టాండు నుంచి సామాను తెచ్చిన ఆటో అన్న, గది తాళం చేతిలో పెట్టిన ఓనరు అన్న, గ్యాసు పొయ్యి బిగించిన అన్న, నీళ్ల క్యాను అన్న. మా ఇంట్లో నేను ఒక్కదాన్నే పిల్లని. ఆ లోటు ఆ ఊరు ఒక్క పూటలో తీర్చేసింది.

మా దిక్కు ఆడపిల్లలు గడప దాటేటప్పుడు కాళ్లకు చెప్పులు తొడుక్కున్నట్టే నాలుకకు ఈ మాట తొడుక్కుంటారు. అన్నా అని పిలిస్తే పేరు అడగాల్సిన పని లేదు. ధర తగ్గించమని దబాయించవచ్చు, ఆలస్యమైతే కేకలేయవచ్చు, "జర ఆ కుర్చీ ఇటు జరుపరాదే అన్నా" అని పని కూడా చెప్పవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఆ మాటతో ఒక గీత పడిపోతుంది. ఆయన గీతకు అటు, నేను ఇటు. ముప్పైకి దగ్గర పడి, గది అద్దెకు తీసుకొని ఉండే లెక్కల టీచరుకు ఆ గీత చాలా అవసరం. అందుకని ఎవరికి పడితే వాళ్లకు గీసేదాన్ని. సుద్దముక్క ఎలాగూ నా చేతిలో ఉండేదే.

మాది మొగుడంపల్లి దగ్గరి పల్లె. ఆ పేరు చెప్పగానే జనం పెట్టే మొహం నాకు కంఠతా వచ్చు. "మొగుడంపల్లి పిల్లవై ఉండి మొగుడు దొరకలేదా?" అని ప్రతివాళ్లూ తామే మొదటిసారి కనిపెట్టినట్టు అంటారు. స్టాఫ్ రూములో అన్నారు, కూరగాయల బజారులో అన్నారు. పన్ను పీకే డాక్టరైతే నా నోట్లో చెయ్యి పెట్టి మరీ అన్నాడు. కొరుకుదామనుకొని ఆగిపోయాను.

పెళ్లి వద్దని నేను ఎన్నడూ అనలేదు. చూడటానికి వచ్చినవాళ్లలో ఒకడు లెక్కల టీచరువి కదా అని నన్ను పంతొమ్మిదో ఎక్కం అప్పజెప్పమన్నాడు. ఇంకొకడు నోరు తెరవకుండా ప్రశ్నలన్నీ వాళ్ల అక్కతో అడిగించాడు. ఇద్దరికీ చాయ్ ఇచ్చి పంపేశాం. ఆ మీదట మా అమ్మ నా మీద అలిగింది, నేను మా అమ్మ మీద అలిగాను. అట్లా జహీరాబాద్‌లో గది తీసుకోవడం జరిగింది.

గదిలో నాకు తోడు ఒక నర్సు. ఝరాసంగం దిక్కు పిల్ల, ప్రైవేటు దవాఖానలో పని. వయసులో నాకంటే చిన్నది, నోట్లో నాకంటే పెద్దది. ఇంట్లో సంబంధాలు చూస్తామంటే, "సూది ఇచ్చినప్పుడు ఏడ్వనోణ్ని చూడుండ్రి, చేస్కుంట" అని చెప్పి వచ్చిన మనిషి.

బడి పరీక్ష పేపర్లు జిరాక్సు తీయించడానికి స్టేషన్ రోడ్డులో ఒక దుకాణానికి వెళ్లేదాన్ని. జిరాక్సు పేరుకే, అసలు వ్యాపారం లగ్గం పత్రికలు. తెలుగులో కొడతారు, ఉర్దూలో కొడతారు, బీదర్ వైపు వాళ్లకు కన్నడంలో, ఇంకాస్త అవతలి వాళ్లకు మరాఠీలో. గోడ నిండా నమూనా కార్డులే. వాటి మధ్య స్టూలు మీద కూర్చొని ఉండేవాడు దుకాణం యజమాని. న్యాల్‌కల్ వైపు మనిషి, నాకంటే రెండు మూడేళ్లు పెద్ద, పెళ్లి కానివాడు. ఊరందరి లగ్గాలు అచ్చేస్తూ అచ్చేస్తూ తన లగ్గం సంగతి మర్చిపోయినట్టున్నాడని జనం నవ్వుకునేవాళ్లు.

నేను మొదటిసారి వెళ్లిన రోజు బల్ల మీద అప్పుడే కోసిన కార్డుల కట్ట ఉంది. పై కార్డు మీద బంగారు రంగు అక్షరాలతో 'శుభలేక' అని ఉంది. నాకు ఒళ్లు మండింది.

"అన్నా, ఇది శుభలేఖ. ఖ తీసేసి క పెట్టిన్రు. శుభం లేక లగ్గం చేసుకుంటున్నమని ఊరంత పంచుకోవాల్నా వాళ్లు?" అన్నాను.

అతను కార్డు తీసుకొని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. "నిజమే గద. పొద్దుగాల్నుంచి ఎంతమంది చూసిన్రో, అందరు మస్తున్నయ్ అనే అన్నరు" అన్నాడు. కోపం రాలేదు. నవ్వాడు. కట్ట మొత్తం పక్కన పడేసి, "మళ్ల కొడ్త. అచ్చుకు పోయే ముందు మీరొక్కసారి చూస్తరా, మేడం?" అన్నాడు.

ఆ రోజు నుంచి ఊళ్లో లగ్గాలన్నీ నా కళ్ల కింది నుంచే వెళ్లాయి. బడి అయిపోయాక దుకాణానికి పోవడం, కార్డులు దిద్దడం, చాయ్ తాగడం, అలవాటైపోయింది. ఆదివారం మధ్యాహ్నం నర్సు కూడా వచ్చేది. ఎదురుగా రొట్టెల బండి ఉంది. వేడి వేడి జొన్నరొట్టె, పుంటికూర, పచ్చి ఉల్లిగడ్డ తెచ్చుకొని దుకాణం ముందు బల్ల మీద ముగ్గురం కూర్చొని తినేవాళ్లం. చెరుకు ట్రాక్టర్లు రోడ్డంతా ఆక్రమించుకొని పోతుంటే, దుమ్ము పడకుండా రొట్టెను కార్డు అట్టతో కప్పుకొని తినేవాళ్లం. నడిబజారులో ఒక పెళ్లికాని మగవాడితో కూర్చొని అట్లా తినగలిగామంటే అదంతా 'అన్నా' అన్న మాట చలవే. మూడేళ్లు ఆ నీడలో హాయిగా రొట్టెలు తిన్నాను.

ఒక ఆదివారం అతను రొట్టె ముట్టలేదు.

"మా అవ్వ ఉగాది దాక టైమిచ్చింది. నా పసందుతోని ఎవరినన్న తీసుకొస్తె సరే. లేకుంటె మామ బిడ్డతోని చేస్తదట" అన్నాడు. మా దిక్కు అవ్వ అంటే అమ్మే.

"మేనరికమా? మంచిదే గదనే అన్నా" అంది నర్సు.

"ఏం మంచిది, చెల్లె! దాన్ని సంకనేసుకొని అంగన్‌వాడీకి తీసుకపోయినోణ్ని నేను. చీమిడి తుడిచిన, జడ గూడ ఏసిన. అది బావా అని పిలుస్తె నాకు చిన్న చెల్లె పిలిచినట్టే ఉంటది. దానికేమో మీలెక్క నర్సు కావాల్నని ఉన్నది. ఇంటర్ల మంచి మార్కులొచ్చినయ్. లగ్గమైతె ఇగ సదువు ఖతం. అవ్వకు చెప్తె వింటలేదు. వరస బరాబర్ ఉన్నది, ఇంకేం గావాలె అంటది."

అతని గొంతులో నిజమైన దిగులు ఉంది. ఉగాది ఎంతో దూరం లేదు. ఆ పిల్ల చదువు, ఇతని బతుకు, రెండూ ఆ పండగకు కట్టేసి ఉన్నాయి. లెక్క ఇస్తే చేయకుండా వదలడం నా వల్ల కాదు.

"మీరు ఫికర్ చెయ్యకుండ్రి అన్నా. ఉగాదిలోపు పిల్లను చూపెట్టే పూచీ నాది" అన్నాను.

అతను నా వైపు కాసేపు చూశాడు. రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. "చూడుండ్రి" అన్నాడు.

మొదట నర్సునే అడిగాను. గది ఊడుస్తున్నదల్లా చీపురు ఎత్తింది. "ఆయన నన్ను చెల్లె అంటడు. సిగ్గు లేదా నీకు?" అంది. అది నిజమే కాబట్టి ఇంకొకరి కోసం చూశాను.

మా పై గదిలో బ్యాంకు ఉద్యోగం చేసే అమ్మాయి ఉండేది. గుంటూరు వైపు పిల్ల, చక్కటి పిల్ల, నెమ్మదైన మాట. జహీరాబాద్‌లో కొత్త కాబట్టి నా మాట వినేది. "ఆధార్ జిరాక్సు తీయించుకోవాలన్నావు కదా, ఫలానా దుకాణానికి పో, మనిషి ఎట్లాంటివాడో కూడా చూసి రా" అని సాయంత్రం పంపాను. అటు అతనికి ఫోన్ చేసి, "ఒకామె వస్తది, మంచిగ మాట్లాడుండ్రి అన్నా" అని చెప్పాను. గంటకు ఆ అమ్మాయి ముక్కు పుటాలు ఎగరేసుకుంటూ వచ్చింది.

"ఏంటండీ, ఆయన నన్ను అక్కా అంటున్నారు! 'కూసో అక్కా, చాయ్ తాగుతవా అక్కా' అని. నేను ఆయనకంటే ఆరేళ్లు చిన్నదాన్నండీ. నేనంత పెద్దదానిలా ఉన్నానా?"

లేదమ్మా, ఇక్కడ అట్లాగే పిలుస్తారులే, అది మర్యాదే అని నచ్చజెప్పాను. ఆ అమ్మాయి మాత్రం వారం రోజులు అద్దం ముందు నుంచి కదల్లేదు. నేను దుకాణానికి పోయి అతన్ని నిలదీశాను. "బ్యాంకుల పనిచేసెటామె గద, ఇజ్జత్ ఇచ్చిన" అన్నాడు అమాయకంగా.

తర్వాత మా బడిలో హిందీ టీచరు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, తనకేమో సొంతంగా చూసుకోవాలని ఉంది. ఈసారి నేనే వెంట పోయాను. కార్డులు చూడాలని ఒక వంక పెట్టి, ఇద్దర్నీ కూర్చోబెట్టి, పళ్లరసం తెస్తానని లేచి అవతలికి పోయాను. కావాలనే ఆలస్యం చేశాను. తిరిగొచ్చేసరికి అతను ఆమెను "బహెన్‌జీ" అంటున్నాడు. ఆమె కూడా చక్కగా "భయ్యా" అంటోంది. ఇద్దరూ రాఖీ పండగ సామాను ఎక్కడ చవకగా దొరుకుతుందో మాట్లాడుకుంటున్నారు. చేతిలో మూడు గ్లాసులతో గుమ్మంలోనే నిలబడిపోయాను. పళ్లరసం మొత్తం నేనే తాగేశాను.

ఆ సాయంత్రం గదికి వచ్చి నర్సు ముందు అతన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. "ఏం మనిషమ్మా! ఉగాది నెత్తిమీదికొచ్చింది. ఎవరిని చూపెట్టిన వరస కలిపేస్తడు. ఒకామెను అక్కా అంటడు, ఒకామెను బహెన్‌జీ అంటడు, నిన్ను చెల్లె అంటడు. ఊళ్లె ఆడోళ్లందర్ని తోబుట్టువుల్ని చేసుకొని చివరికి ఆ పసిపిల్ల మెడకు చుట్టుకుంటడు."

నర్సు యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ వింటోంది. ఇస్త్రీ పెట్టె నిలబెట్టి అడిగింది. "మరి నిన్నేమంటడు?"

"నన్నా? నన్ను..."

మొదట్లో కొన్నాళ్లు మేడం అనేవాడు. ఆ తర్వాత అది కూడా పోయింది. ఆ తర్వాత? "ఇగో", "వినుండ్రి", "చాయ్ చెప్పనా", "దీనికి ఒత్తు గావాల్నా". దుకాణానికి వచ్చినవాళ్లు ఎవరని అడిగితే "మన లెక్కల టీచరు" అనేవాడు. ఎంత వెతికినా నన్ను పిలిచిన వరస ఒక్కటి కూడా దొరకలేదు.

"ఏమనడు" అన్నాను.

"మూడేండ్ల సంది నువ్వు అన్నా అన్నా అని మొత్తుకుంటుంటె, ఒక్కసారన్న చెల్లె అన్నడా? మా దవాఖానకొస్తె ఆయాను పెద్దమ్మ అంటడు, డాక్టరమ్మను అక్కా అంటడు. నిన్నొక్కదాన్నే ఉత్తగ పెట్టిండు. లెక్కల టీచరువట! ఈ చిన్న లెక్క తెల్వదు."

ఇస్త్రీ పెట్టె మళ్లీ తీసుకొని తన పని తను చేసుకోసాగింది. నేను మంచం మీద కూర్చున్నాను. ముందు సంతోషమైంది, అబద్ధం ఎందుకు. వెంటనే భయమైంది. ఇద్దరిద్దరిని ఆ దుకాణానికి నా చేతులతో నేనే పంపానే, ఎవరో ఒకరు కుదిరిపోయి ఉంటే? ఆ బల్ల మీద ఆదివారం ఇంకొకామె కూర్చొని రొట్టె తింటూ ఉంటే? ఆ ఊహకు నిజంగా ఏడుపొచ్చింది. అతనంటే నాకు ఇష్టమని నాకు తెలిసింది అప్పుడే. ఎప్పటినుంచి ఇష్టమో మాత్రం తెలియలేదు. బహుశా 'శుభలేక' చూసి కోపం తెచ్చుకోకుండా నవ్వినప్పటి నుంచేనేమో.

ఇక అన్నా అనకూడదని గట్టిగా అనుకున్నాను. అనుకోవడం తేలిక. మర్నాడు దుకాణానికి పోయేసరికి అతను లోపల గదిలో ఉన్నాడు. పిలవాలి. ఏమని పిలవాలి? పేరు పెట్టి పిలవడానికి నోరు రాదు. సార్ అంటే వెక్కిరించినట్టుంటుంది. ఏమండీ అంటే మా వైపు అది పెళ్లయ్యాక టీవీ చూసి నేర్చుకునే మాట. దగ్గాను. బల్ల మీద తాళంచెవితో కొట్టాను. చివరికి "ఎవరన్న ఉన్నరా?" అని, ముందు నుంచీ తెలిసిన దుకాణంలో కొత్తదానిలా కేకేశాను. అతను బయటికొచ్చి అయోమయంగా చూశాడు.

ఆ వారమంతా నా మాటలు కుంటుకుంటూ నడిచాయి. "ఈ కార్డుల వరుని పేరు తప్పు పడ్డది... అంతే." "చాయ్ చల్లారుతున్నది... తాగొచ్చు." ప్రతి వాక్యం చివర ఆ మాట ఉండాల్సిన చోట గుంత మిగిలేది. రొట్టెల బండి పెద్దమ్మ కూడా పసిగట్టింది. "ఏం బిడ్డా, మీ అన్నతోని కొట్లాడినవా?" అని అడిగింది. లేదని తల ఊపి రొట్టె తీసుకొని వచ్చేశాను.

చివరికి అతనే అడిగాడు. నేను కార్డు దిద్దుతున్నాను. అతను ఎదురుగా నిలబడి సిరా అంటిన వేళ్లు గుడ్డతో తుడుచుకుంటున్నాడు, ఎంత తుడిచినా అయిపోవడం లేదు.

"నా మీద కోపమొచ్చిందా?" అన్నాడు.

"లేదే."

"అన్న అంటలేరు మరి."

"ఇష్టమా మీకు, అట్ల పిలుస్తె?"

"ఏం ఇష్టం! అన్నప్పుడల్ల చెవుల సీసం పోసినట్టు ఉండేది" అన్నాడు. వెంటనే తనే కంగారుపడ్డాడు. "గని అసలే పిలువకపోతె ఇంక పరేషాన్ ఉన్నది. ఏమన్న తప్పు చేసిన్నా అని నిద్ర పడ్తలేదు."

నేను ఏదో చెప్పబోయాను. అంతలో ఎవరో ఫ్లెక్సీ కావాలని పది ఫొటోలు పట్టుకొని వచ్చారు. అతను అటు తిరిగాడు. ఆ ఫొటోల్లో ఉన్న నాయకుల్ని అందర్నీ ఆ క్షణంలో ద్వేషించాను.

ఉగాది ఇంకో వారం ఉందనగా వాళ్ల అమ్మ వచ్చింది. న్యాల్‌కల్ నుంచి షేర్ ఆటోలో, మోకాళ్లు పట్టుకొని దిగింది. మోకాళ్లు నొప్పే గానీ గొంతు మైకులా ఉంది. వెనకే మేనకోడలు. సన్నటి పిల్ల, రెండు జడలు, కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. నేను అక్కడే బల్ల దగ్గర కార్డులు దిద్దుతున్నాను. జిరాక్సు కోసం వచ్చినవాళ్లు ఓ నలుగురైదుగురు నిలబడి ఉన్నారు.

"నీ ముచ్చట ఇగ ఖతం బిడ్డా. ఎవర్ని తీసుకొస్తివి? ఎవర్ని తేలే. నీ కార్డు నువ్వే కొట్టుకో, మంచి కార్డు కొట్టు" అంది ఆమె, అందరి ముందే.

అతను కటింగ్ మిషను దగ్గర ఉన్నాడు. కాగితాల కట్టను కోసే మిషను అది, పై నుంచి పెద్ద కత్తి దిగుతుంది. వాళ్ల అమ్మ మాట వినగానే తల ఇటు తిప్పాడు. చెయ్యి మాత్రం కట్ట మీదే ఉంది, రెండో చెయ్యి మీట మీద ఉంది. నాకు ప్రాణం పోయింది.

"అన్నా! చెయ్యి!" అని అరిచాను.

చెయ్యి తీసేశాడు. కత్తి ఖాళీ కాగితం మీద దిగింది. దుకాణమంతా ఊపిరి పీల్చుకుంది. వాళ్ల అమ్మ గుండె మీద చెయ్యేసుకొని నా వైపు తిరిగింది.

"నువ్వెవరు బిడ్డా? సల్లగుండు. సొంత చెల్లె గూడ గింత కనిపెట్టుకోని ఉండదు. జర నువ్వన్న చెప్పమ్మా మీ అన్నకు. చెల్లె మాట వింటడు. ఈ లగ్గం చేసుకొమ్మని చెప్పు."

ఇన్నాళ్లూ ఆ మాటను పళ్ల బిగువున ఆపిందాన్ని. అనకూడని క్షణంలో, ఆమె చెవుల ముందే, అంత గట్టిగా అరిచి కూర్చున్నాను. ఆ పిల్ల నా వైపు చూస్తోంది. అతను నా వైపు చూస్తున్నాడు. నేను చెల్లెలినని ఒప్పుకొని ఊరుకుంటే ఆ పిల్ల పుస్తకాలు అటకెక్కుతాయి, ఇతను తలవంచుకొని తన కార్డు తను కొట్టుకుంటాడు, నేను దానిలో తప్పులు దిద్దుతాను.

"నేను చెల్లెను కాదమ్మా" అన్నాను.

"మరి అన్న అంటివి గద? ఇప్పుడే, నా చెవులార విన్న."

"అలవాటుల వచ్చింది. ఆటో ఆయనను అంట, నీళ్ల ఆయనను అంట, ఎవర్ని పడితె వాళ్లను అంట. ఈయనను అనకుండ ఉండాల్సింది. ఈయన నాకు అన్న కాదు. నాకు ఈయనే గావాలె."

వెనక బెంచీ దాకా వినపడేట్టు పాఠం చెప్పే గొంతు నాది. తగ్గించి మాట్లాడటం చేతకాదు. జిరాక్సుకు వచ్చినవాళ్లు కాగితాలు పట్టుకొని అట్లాగే నిలబడిపోయారు. రోడ్డవతల రొట్టెల పెద్దమ్మ పెనం మీది రొట్టె తిప్పడం మానేసింది.

అతను మిషను ఆపాడు. "అవ్వా, నేను గూడ ఆమెను ఎన్నడు చెల్లె అనలే. కావాల్నంటె ఎవర్నన్న అడుగు" అన్నాడు. 

వాళ్ల అమ్మ కుర్చీ తెప్పించుకుంది. నీళ్లు తెప్పించుకుంది. తాగి, కొంగుతో మూతి తుడుచుకొని, నన్ను కింది నుంచి మీదికి చూసింది.

"ఏ ఊరు?"

"మొగుడంపల్లి దిక్కు."

నా జీవితంలో మొదటిసారి ఒక మనిషి ఆ పేరు విని ఆ జోకు వెయ్యలేదు. ఆమె అంతకంటే పెద్ద పనిలో ఉంది. ఇంటిపేరు అడిగింది. చెప్పాను. మా రెండిళ్లదీ ఒకటే కులమని తేలింది. తేలకపోయి ఉంటే ఈ ముచ్చట ఇంత నవ్వుతూ రాసేదాన్ని కాదు, ఆ సంగతి నాకు తెలుసు.

"మీ నాయనమ్మది ఏ ఊరు?"

"ఝరాసంగం."

"ఆమెకొక చెల్లె ఉండె గద? ఎర్రగ, చెవులు జర పెద్దగ?"

"ఏమో, నాకు తెల్వదమ్మా."

"నీకు తెల్వదు, నాకు తెలుసు. ఉండె. ఆమెను మా చిన్నతాత కొడుక్కిచ్చిన్రు. అంటె నాకు చిన్నమ్మ. ఆమె అక్క, మీ నాయనమ్మ గూడ నాకు అమ్మ వరసనే. ఆమె కొడుకు మీ నాయన నాకు అన్న. అన్న బిడ్డవు నువ్వు, నా మేనకోడలివి. వీనికి మరదలివి!" ఆమె లేచి నిలబడింది, మోకాళ్ల నొప్పి కూడా మర్చిపోయి. "ఇన్నొద్దులు బావను పట్టుకోని అన్నా అన్నా అనుకుంట తిరిగినవా? పో, నోరు కడుక్కో పో!"

లెక్క నేను మనసులో సరిచూశాను. మెట్లన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇచ్చిన విలువల మీదే అనుమానం. తర్వాత మా అమ్మను అడిగితే, మా నాయనమ్మకు అక్కచెల్లెళ్లే లేరంది. అయినా ఆ చెవులు పెద్దవైన చిన్నమ్మకు నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

"ఏదీ, ఇప్పుడు బావా అను. వింట" అందామె. అనలేకపోయాను. బడిలో అంతమంది పిల్లల్ని గొంతుతో కూర్చోబెట్టేదాన్ని, సిగ్గుతో చచ్చిపోయాను. జిరాక్సుకు వచ్చినవాళ్లు "అనుండ్రి మేడం, అనుండ్రి" అని ఎగదోశారు. పెద్దమ్మ రొట్టెలు పంపింది. అందరం తిన్నాం. ఆ పిల్ల అందరికంటే ఎక్కువ తిన్నది. ఎన్ని పూటల నుంచి సరిగ్గా తినలేదో పాపం.

సాయంత్రం న్యాల్‌కల్ ఆటో ఎక్కించడానికి ఇద్దరం వెళ్లాం. ముసలామె ముందే ఎక్కి కూర్చొని డ్రైవరును కూడా ఏ ఊరు, ఇంటిపేరేందని అడుగుతోంది. ఆ పిల్ల మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. నన్ను చూసింది. అతన్ని చూసింది. మాటలు వచ్చినప్పటి నుంచి అతన్ని బావా అని తప్ప ఇంకో మాటతో పిలవని పిల్ల.

"పోయొస్త అన్నా" అంది.

లోపలి నుంచి ముసలామె, "ఏమే, వరసలు తెల్వవా నీకు?" అని అరిచింది. ఆ పిల్ల వినిపించుకోలేదు. అతని జవాబు కోసం నిలబడింది.

అతను ఆ పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టాడు. "పైలంగ పో చెల్లె. మంచిగ సదువుకో" అన్నాడు.

ఆటో కదిలింది. అది మలుపు తిరిగేదాకా అతను చెయ్యి ఎత్తి అట్లాగే నిలబడ్డాడు. ఎత్తిన చేత్తోనే కళ్లు తుడుచుకుంటే చెంపకు సిరా అంటింది. చుట్టూ జనం, హారన్లు. ఆ పిల్ల వదిలేసి పోయిన మాట ఒకటి అక్కడ నా కోసం ఉన్నట్టనిపించింది.

"దుకాణం తెరిచిపెట్టి వచ్చినం. పోదాం పా, బావా" అన్నాను.